మేత అందని చీమలు

“దొంగ దొరికాక డిటెక్టివ్‌తో ఏం పనక్కా?” అన్నాడు మా చిన్నోడు, ల్యాబ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

వాడు ఇన్‌స్పెక్టర్. నా కొడుకు. వాడు దారి ఇవ్వనిది వాడి అక్కకి. అది ప్రైవేట్ డిటెక్టివ్. నా కూతురు. ఒకే కేసు మీద ఇద్దరూ ఎదురుపడటం ఇది మొదటిసారి కాదు. ఎదురుపడ్డప్పుడల్లా మధ్యలో నలిగేది నేను.

“దొంగ దొరికాడు సరే. పోయిన సీసా దొరికిందా?” అంది మా పెద్దది.

“దొరుకుతుంది.”

“అయితే అది దొరికేదాకా నాకు పనుందన్నమాట. జరుగు.”

వాడు నా వంక తిరిగాడు. “అమ్మా, దీనికైతే పనుంది. నువ్వెందుకొచ్చావు?”

“కిందటి కేసులో దీన్ని మెట్ల మీంచి తోసేశార్రా. ఇక ఒంటరిగా పంపను.”

“నువ్వు పక్కనుంటే తొయ్యరా?”

“తోస్తే ఇద్దరం పడతాం. ఒకరికొకరం ఉంటాం.”

వాడికి నవ్వొచ్చింది గానీ, వెనక హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడని మింగేసి పక్కకి జరిగాడు.

మమ్మల్ని పిలిపించిన ప్రొఫెసరమ్మ లోపల్నుంచి వచ్చింది. నా ఈడుదే. జుట్టు పూర్తిగా నెరిసింది, రాత్రి కన్ను మూసినట్టు లేదు. కాళ్లకి తొడుగులు, మీదికి తెల్లకోటు, మూతికి మాస్కు ఇచ్చింది. నేను ఇంకో మాస్కు అడిగాను.

“ఒకటి చాలండీ,” అంది.

“మీకు అలవాటు కాబట్టి చాలు. నాకు రెండివ్వండి.”

లోపల కిటికీల్లేని గది. తెల్లటి బల్లల మీద మూతలు పెట్టిన గాజు గిన్నెలు వరసగా ఉన్నాయి. ఒక మూల, కార్డు పెడితే తెరుచుకునే తాళంతో ఫ్రిజ్ లాంటి చల్లపెట్టె. దాని పక్కన, వంచితే వంగే కాడకి ఊదారంగు దీపం. నేను దేన్నీ తాకకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాను. పిల్లలిద్దరూ మాత్రం సొంత ఇల్లయినట్టు తిరిగేస్తున్నారు. ఏది అంటుకుంటుందో, ఏది ముక్కులోకి పోతుందో అన్న భయం వాళ్లకి బొత్తిగా లేదు.

“పోయిందేమిటో మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పండి మేడమ్,” అంది మా పెద్దది. “అమ్మకి అర్థమైతే నాకూ అవుతుంది.”

ప్రొఫెసరమ్మ నా ఎదురుగా కూర్చుంది. “కంటికి కనిపించని యంత్రాలమ్మగారూ. వెంట్రుక కొన మీద వేలకొద్దీ పడతాయి. అణువు తెచ్చి అణువు పక్కన పెట్టడమే వాటి పని. ఇటుక మీద ఇటుక పేర్చే మేస్త్రీలనుకోండి. మేం ముద్దుగా చీమలంటాం.”

“ఏం కడతాయి?”

“ఏది నేర్పితే అది. పోయిన సీసాలోవి నరాలు బాగుచేసేవి. కరెంటు తీగకి పైన రబ్బరు తొడుగుంటుంది చూడండి, నరానికీ అలాంటిదే ఉంటుంది. ఒక జబ్బులో అది ఊడిపోతూ వస్తుంది. ముందు వేళ్ల కొసల్లో స్పర్శ పోతుంది. బొత్తాం పెట్టుకోలేరు, చెంచా పట్టుకోలేరు. మా చీమలు రక్తంలో వెళ్లి ఆ తొడుగు మళ్లీ కడతాయి. ఎలుకల్లో కట్టాయి. మనుషులకి ఎక్కించడానికి ఇంకా అనుమతి రాలేదు.” చెబుతుంటే ఆవిడ మొహంలో అలసట పోయింది, పిల్లలకి ఫస్టు మార్కులొచ్చినట్టు. “ఇవాళ నరం. రేపు దెబ్బతిన్న గుండె. ఆ తర్వాత మురికినీళ్లలో విషం ఏరేసే చీమలు, చెత్తలోంచి పనికొచ్చే వస్తువు కట్టే చీమలు.”

“ఆ తర్వాత?” అన్నాడు మా చిన్నోడు గోడకి ఆనుకుని. “నరం కట్టడం నేర్పినవాళ్లుంటే, నరం విప్పడం నేర్పేవాడూ ఒకడుంటాడు. తమలాంటివి తామే కట్టుకుంటూ పోవడం నేర్పేవాడు ఇంకొకడుంటాడు. ఆ సీసా ఎవడి చేతిలో పడిందోనని నాకు అన్నం సయించట్లేదు మేడమ్.”

నేను చేతిరుమాలు తీసి రెండు మాస్కుల మీద మూడోదిగా పెట్టుకున్నాను.

“ఆ భయం మీకన్నా ముందు నాకు పట్టుకుంది,” అంది ప్రొఫెసరమ్మ. “అందుకే వాటిని కట్టేసి ఉంచాను. వాటికి మేత అని ఒక ద్రవం పోస్తాం. అది చెట్టునా పుట్టనా ఎక్కడా దొరకదు. పొద్దున ఇక్కడే తయారుచేస్తాం, మర్నాటికి పాడైపోతుంది. పూటపూటా అది అందకపోతే చీమలు పని ఆపేసి, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టి పడుకుంటాయి. బయటికి పోయినా లోకానికేం కాదు. వాటికి మేత పోశాకే మేం భోజనానికి లేస్తాం. ఈ ల్యాబ్‌లో అది మొదటి రూలు. ముందు చీమలు, తర్వాత మనం.”

“నిన్న ఆఖర్న పోసిందెవరు?” అంది మా పెద్దది.

“బక్కబాబు.”

అదే దొంగ పేరు. అసలు పేరు వేరే ఉందిలే గానీ, మనిషి సన్నగా ఉంటాడని ల్యాబ్‌లో అందరూ అలాగే పిలుస్తారట. పొద్దున బస్సు స్టాపు దగ్గర మావాడి చేతికి చిక్కింది అతనే.

మా పెద్దది చల్లపెట్టె ముందు వంగి తాళం చూసింది. గీత లేదు, దెబ్బ లేదు. పైన కెమెరా వంక చూసి, పెట్టెకీ కెమెరాకీ మధ్య తను నిలబడి, పక్కకి జరిగి, మళ్లీ నిలబడింది.

“కెమెరా రికార్డు ప్రకారం వారం కిందట సాయంత్రం సీసా తీశాడు. లెక్క చూసింది నిన్న కాబట్టి నిన్న తెలిసింది. తీసింది తన కార్డుతోనే. రెండడుగులు ఇటు జరిగితే వీపు అడ్డొచ్చి కెమెరాకి ఏమీ కనిపించదు. జరగలేదు. తీశాక పారిపోకుండా గిన్నెలన్నిటికీ మేత పోశాడు. ఆ తర్వాత వారమంతా డ్యూటీకొచ్చాడు. ఇదేం దొంగతనంరా?”

“తెలివితక్కువ దొంగతనం,” అన్నాడు మావాడు. “అందరు దొంగలూ నీలా ఆలోచించరక్కా. ఆలోచిస్తే మేం ఒక్కణ్నీ పట్టలేం.”

“మొదటిసారి నన్ను మెచ్చుకున్నావు. అమ్మా, విన్నావా?”

“విన్నాను. ఆ గిన్నెల మీద పడకుండా మాట్లాడుకోండి,” అన్నాను.

మా పెద్దది ప్రొఫెసరమ్మ వైపు తిరిగింది. “అతనింట్లో ఎవరెవరున్నారు?”

ఆవిడ తల దించుకుంది. “ఆరేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నాం. ఎప్పుడూ అడగలేదు.”

నాకు మనసు చివుక్కుమంది. గోడవారగా ఉన్న ఎలుకల బోన్లకి కూడా పేర్లు రాసి అంటించారు ఆ గదిలో.

“ఇల్లు తాళం వేసి ఉంది,” అన్నాడు మావాడు. “ఇంకేం అడిగినా నోరు విప్పడు. అసలు సాక్ష్యం ఇక్కడుంది చూడు.” చేతిలోని ప్లాస్టిక్ కవరు పైకెత్తాడు. అందులో సగం ఖాళీ అయిన సీసా. “బ్యాగులో ఒక గొడుగు, క్యారియరు, ఇది. నేను లాక్కున్నప్పట్నుంచీ దీని కోసమే బతిమాలుతున్నాడు. ఒక్కసారి ఇంటికెళ్లి వస్తానంటాడు, సీసా ఇవ్వమంటాడు. మత్తుమందనుకున్నాను.”

ప్రొఫెసరమ్మ కవరు వంక చూసి, “అది మేత. ఇవాళ పొద్దున చేసింది,” అంది.

“చూశావా? చీమల్ని కొన్నవాడికి మేత కూడా కావాలిగా. ఇంటి దగ్గర ఎవడికో అందించడానికి పోతున్నాడు. నా కేసు అయిపోయింది.”

మంచి మాటే అన్నాడు. వాడి మొహంలో గెలుపు చూసి నాకు లోపల్లోపల సంతోషమేసింది కూడా. కానీ మా పెద్దది కళ్లు చిన్నవి చేసింది. చిన్నప్పుడు లెక్క తప్పొచ్చిందని టీచరు కొట్టేస్తే, టీచరుదే తప్పని తేల్చేదాకా ఇలాగే చూసేది.

“అమ్మడానికి తీసుకెళ్లేవాడు సగం ఎందుకు ఖాళీ చేశాడు? ఆ సీసా ఇటివ్వు, దీపం కింద పెట్టాలి.”

“సాక్ష్యం. ఇవ్వను.”

“తినెయ్యనురా.”

“నా దగ్గర్నుంచి ఏ వస్తువైనా నువ్వు తీసుకుంటే తిరిగొచ్చిందా? నా కంపాస్ బాక్సు ఏమైంది?”

“ఇప్పుడు కంపాస్ బాక్సు గొడవేంటిరా ఇన్‌స్పెక్టరూ.”

“నువ్వు పట్టుకోవద్దు. అంతే.”

“నువ్వు సరిగ్గా పట్టుకోలేవు.”

ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. ఈ చూపు నాకు బాగా తెలుసు. కొట్లాటలో బొమ్మ చివరికి నా చేతికే వచ్చేది. చేతికి తొడుగులు వేయించుకుని, ఊపిరి బిగబట్టి, కవరులోంచి సీసా తీసి దీపం కింద పెట్టాను. ప్రొఫెసరమ్మ గదిలో లైట్లు ఆర్పి ఊదా దీపం వేసింది.

సీసా లోపలంతా చీకటి. మూతి చుట్టూ మాత్రం సన్నటి ఆకుపచ్చ గీత మెరిసింది.

“ఏమిటది?” అంది మా పెద్దది.

ప్రొఫెసరమ్మ గొంతు మారిపోయింది. “చీమలు. మేత వెలగదు. బతికున్న చీమలే ఈ దీపానికి వెలుగుతాయి.”

“లోపల లేవు. మూతి మీదే ఉన్నాయి. అంటే అవి సీసాలోంచి వచ్చినవి కావు. తాగినవాడి నోట్లోంచి వచ్చినవి.” అది తమ్ముడి వైపు తిరిగింది. ఈసారి వెక్కిరింపు లేదు. “అతను దాన్ని ఎవరికీ అమ్మలేదురా. తనకే ఎక్కించుకున్నాడు. పోయిన సీసాలోవన్నీ లాకప్‌లో, అతని ఒంట్లో ఉన్నాయి.”

లైట్లు వెలిగేసరికి ప్రొఫెసరమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. “మనుషులకి ఎప్పుడు ఎక్కిస్తామని ఒకసారి అడిగితే, అనుమతి కోసం ఆగమన్నాను. ఇంకో రెండేళ్లన్నాను. తలూపి, గిన్నెలకి మేత పోయడానికి వెళ్లిపోయాడు.”

“అతనికేమైనా అవుతుందా?” అన్నాడు మావాడు. పోలీసు గొంతు కాదు అది.

“ఏం కాదండీ. ఎలుకలకి ఏమీ కాలేదు. మేత అందకపోతే పడుకుంటాయి, అంతే.”

“పడుకున్నవి చూపించండి,” అంది మా పెద్దది.

మేత ఆపేసిన గిన్నె ఒకటి తెచ్చి చూపించింది ఆవిడ. అడుగున బూడిదరంగు ముద్ద, పాలు విరిగితే కిందికి దిగినట్టు. “ఇదీ. మెల్లగా అడుక్కి చేరి ఉండిపోతాయి. హాయిగా, పిల్లుల్లా.”

మా పెద్దది గిన్నెని ఇటూ అటూ వంచింది. ముద్ద విడిపోలేదు. మొత్తంగా జారి అంచుకి వచ్చి ఆగింది.

“గిన్నెకి అడుగుంది మేడమ్. మనిషికి ఎక్కడుంది?”

ప్రొఫెసరమ్మ అంచున ఆగిన ముద్ద మీదికి వంగింది.

“రక్తం నిలవ ఉండదుగా. పారేదాంట్లో ముద్దకడితే ఆ ముద్ద ఎక్కడికి పోతుంది? మీ ఎలుకలు ఎప్పుడైనా పస్తున్నాయా?”

“లేదు,” అంది ఆవిడ గిన్నె అందుకుని. “ఒక్క పూట కూడా. ముందు చీమలు, తర్వాత మనం. ఈ రూలు పెట్టింది నేనే. ఒక్క ఎలుకా ఆకలితో ఉండగా మేం చూడలేదు.” మాస్కు కిందికి లాగి ఊపిరి తీసుకుంది. “సన్నటి రక్తనాళాలు ముందు మూసుకుంటాయి. వేళ్ల కొసలు చల్లబడతాయి, మొద్దుబారతాయి. తర్వాత పెద్దవి.”

లోకం కోసం వేసిన గొలుసు ఒక పిల్లాడి మెడకి బిగుస్తోంది. అతన్ని నేను చూడనైనా లేదు, కానీ అతని కోసం ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో గుమ్మం వైపు చూస్తూ ఉంటారనిపించింది.

“మేత ఇవ్వండి, పట్టుకుపోతాం,” అన్నాడు మావాడు.

“మధ్యాహ్నం మేత గిన్నెల్లో పోసేశాం. మిగిలింది లేదు. ఇప్పుడు మొదలుపెడితే సాయంత్రానికి తయారవుతుంది. ఈ సగం సీసా ఒక మనిషికి అప్పటిదాకా సరిపోతుంది. ముందు ఇది తాగించి, అతన్ని ఇక్కడికి తీసుకురండి. డాక్టర్ని పిలిపిస్తాను.” అప్పటికే ఆవిడ చేతులు గాజు గొట్టాల మీద ఉన్నాయి.

జీపులో సీసా నా ఒళ్లోనే పెట్టారు. మావాడు డ్రైవింగు చేస్తూ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. “పొద్దున్నుంచీ అడుగుతూనే ఉన్నాడక్కా. నేనే లాక్కున్నాను.”

“దొంగనుకున్నవాడి చేతిలో సీసా ఉంటే ఏ పోలీసైనా లాక్కుంటాడు. నేనైనా లాక్కునేదాన్ని.”

“నువ్వయితే ముందు ఎందుకని అడిగేదానివి.”

మా పెద్దది చెయ్యి చాపి వాడి కాలరు వెనక మడత సరిచేసింది. వాడు చేయించుకున్నాడు.

స్టేషను వరండాలో బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పద్దెనిమిది ఉంటాయేమో. పిడికిలి మూసి, తెరిచి, తన వేళ్లని తనే చూసుకుని నవ్వుకుంటోంది. స్టేషన్లో నవ్వేవాళ్లని నేను చూడలేదు. మా పిల్లలిద్దరూ నా చేతిలోంచి సీసా అందుకుని లోపలికి పరిగెత్తారు. నాకు కాలు సాగక ఒక్క క్షణం ఆ పిల్ల పక్కన ఆగి, “ఎవరి కోసమమ్మా?” అన్నాను.

“అన్నయ్య కోసం. పొద్దున్నే వస్తానని వెళ్లాడు, ఇక్కడున్నాడని ఇప్పుడే తెలిసింది. లోపలికి పోనివ్వట్లేదు.” నా మోచెయ్యి పట్టుకుని బెంచీ మీద చోటిచ్చింది. చటుక్కున ఆగి, నా చెయ్యి తన అరచేతిలోకి తీసుకుంది. “మీ చెయ్యి వెచ్చగా ఉందండీ.”

“ఎండలో వచ్చాంగా.”

“అది కాదు. నాకు తెలుస్తోంది. నాలుగేళ్లయింది నాకు వేడి తెలిసి.”

వేళ్ల కొసల్లో స్పర్శ పోతుందన్న ప్రొఫెసరమ్మ మాట గుర్తొచ్చింది. ఆ పిల్లని బెంచీ మీంచి లేవదీసి, చెయ్యి పట్టుకునే లోపలికి లాక్కెళ్లాను.

లాకప్ తలుపు తీసే ఉంది. బక్కబాబు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పేరుకి తగ్గట్టే ఉన్నాడు. వేళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. మావాడు అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని సీసా మూత తీసి అందిస్తున్నాడు. అతను తాగట్లేదు.

“తాగు బాబూ, లోపల చీమలు పడుకుంటే ప్రాణం మీదికొస్తుందని మీ ప్రొఫెసరు చెప్పింది,” అంటోంది మా పెద్దది.

“మా మేడమ్ చెప్పారా? నిజమేనా?” అన్నాడతను. నాలుక కొంచెం మడతపడుతోంది. “ఉత్తినే నిద్రపోతాయనుకున్నాను. పని మధ్యలో ఆగిపోతుందనే నా బెంగ.” నా పక్కనున్న పిల్లని చూసి అతని మొహం మారిపోయింది. “అయితే ముందు దానికివ్వండి.”

“ఎందుకు?” అన్నాడు మావాడు.

“వారం రోజులు నాలో పెట్టుకుని చూశాను సార్. నాకేం కాలేదు. నిన్న దానికి ఎక్కించాను. నేను పొద్దున దారిలో సగం తాగాను. అది రాత్రి నుంచీ తాగలేదు. దాని వాటాయే ఆ సీసాలో ఉన్నది.”

ఆ పిల్ల అన్న పక్కన కూలబడి సీసా అతని నోటికి ఆనించింది. “నువ్వు తాగు.”

“ముందు నువ్వు.”

“నువ్వు తాగితేనే నేను ముట్టుకుంటాను. నాకు అడక్కుండా సూది పొడిచావు. ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి.”

“పెద్దవాణ్ని నేను.”

“సన్నటివాడివి నువ్వు.”

మా పెద్దది అప్పటికే ఫోన్లో ప్రొఫెసరమ్మతో ఉంది. విని, పెట్టేసి, “చెరిసగం తాగించి వెంటనే తీసుకురమ్మంటోంది. సగం ఎంతసేపు ఆపుతుందో ఆవిడకీ తెలీదట. రక్తం గడ్డకట్టకుండా మందిచ్చే డాక్టరు దారిలో ఉన్నాడట,” అంది.

మావాడు హెడ్డు బల్ల మీంచి రెండు స్టీలు గ్లాసులు తెచ్చాడు. “ఇద్దరూ తాగుతారు. ఇది ఆర్డరు.” మేత పోసి, రెండు గ్లాసులూ కళ్ల ఎత్తుకి పెట్టి చూశాడు. ఒక చుక్క ఇటునుంచి అటు వంచాడు. చిన్నప్పుడు పాలు పోస్తే ఇలాగే చూసేవాడు, అక్క గ్లాసులో ఎక్కువ పడిందేమోనని. ఇవాళ వాళ్లక్క కింద తన అరచెయ్యి పెట్టింది, చుక్క కింద పడకుండా.

అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుంటూ తాగారు. ముందు ఎవరు దించుతారో అన్నట్టు.

జీపులో వెనక సీట్లో బక్కబాబుని మా పెద్దది పట్టుకుంది. అతని వేళ్లు నోటి దగ్గర పెట్టి ఆవిరి ఊదుతోంది. ఆ పిల్ల నా పక్కన, తల నా భుజం మీద ఆనించింది. తన చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడించాను. నిద్రపోనివ్వకూడదని నా భయం. అన్నని వెతకడానికి బయల్దేరుతూ తలుపుకి తాళం తనే ఎలా వేసుకుందో, పొద్దున తన జడ తనే ఎలా అల్లుకుందో, అన్నకి చూపించాలని ఎంతసేపు కూర్చుందో చెబుతూనే ఉంది. మావాడు హారన్ మీంచి చెయ్యి తియ్యట్లేదు. ల్యాబ్ గేటు ఇంకో మలుపు అవతల ఉంది.

“అమ్మగారూ,” అంది ఆ పిల్ల కళ్లు మూసుకునే. “ఇంకాసేపు పట్టుకోవచ్చుగా. చెయ్యి తీసేశారేం?”

నేను తియ్యలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను.